కాంటా ఎక్కడుంటే పంట అక్కడ

2025-26 సీజన్‌కు కేంద్రం ప్రకటించిన మద్దతు ధరల పట్టిక తీసి రెండు వరుసలు చూడండి. సాధారణ రకం వడ్లు క్వింటాకు 2,369 రూపాయలు. హైబ్రిడ్ జొన్న 3,699 రూపాయలు. జొన్నకే 1,330 రూపాయలు ఎక్కువ. రాగులైతే 4,886, అంటే వడ్ల ధరకు రెట్టింపు పైనే.

ఈ పట్టిక ఒక్కటే చూసి పొలాలు చూడనివారు ఎవరైనా, తెలంగాణలో ఊరి చుట్టూ జొన్న చేలు, రాయలసీమలో ఎటు చూసినా రాగి చేలు ఉంటాయనుకుంటారు. రోడ్డెక్కితే కనిపించేది వరి. బోరున్న చోట వరి, కాలువ వచ్చిన చోట వరి, రెండూ లేని చోట పత్తి.

పదకొండేళ్ల లెక్క చూస్తే ఈ వింత ఇంకా పెద్దదవుతుంది. 2014-15లో వడ్ల మద్దతు ధర 1,360, జొన్నది 1,530, రాగులది 1,550. అప్పటి నుంచి 2025-26కు వడ్ల ధర 74 శాతం పెరిగింది. జొన్న ధర 142 శాతం, రాగుల ధర 215 శాతం పెరిగాయి. మరి తెలంగాణలో సర్కారు కొన్న వడ్లు? 2014-15లో 24 లక్షల టన్నులు, 2020-21లో 141 లక్షల టన్నులు. దాదాపు ఆరు రెట్లు. దేశం మొత్తం మీద జొన్న 1970 ప్రాంతంలో కోటీ 70 లక్షల హెక్టార్లకు పైగా ఉండేది. ఇప్పుడు 40 లక్షల దరిదాపుల్లో ఉంది. ధర బాగా పెంచిన పంట తగ్గింది, ధర తక్కువ పెంచిన పంట ఊళ్లకు ఊళ్లే నింపింది.

ఢిల్లీ ప్రకటించే ధర చూసి రైతు విత్తనం వేయడు. ఆ ధరకు కొనే కాంటా తన ఊళ్లో ఉందా లేదా అన్నది చూసి వేస్తాడు. దేశ వ్యవసాయ విధానం మన పొలాన్నీ మన పళ్లేన్నీ ఎలా మారుస్తోందో తెలియాలంటే మొదట ఈ కాంటా లెక్క తెలియాలి.

ఇరవై రెండు పంటలకు ధర, రెండింటికి కాంటా

కేంద్రం 22 పంటలకు మద్దతు ధర ప్రకటిస్తుంది. చెరకుకు వేరే లెక్క. ప్రకటించడం వేరు, కొనడం వేరు. పెద్ద ఎత్తున, ఏటా, తప్పకుండా కొనేది వరి, గోధుమ మాత్రమే. మిగిలినవాటిలో పత్తి, పప్పులు, నూనెగింజలు కొన్నేళ్లు కొంటారు, కొన్నేళ్లు కొనరు, కొన్నా పరిమితులు పెడతారు. దేశంలో మద్దతు ధరకు పంట అమ్ముకోగలిగిన రైతులు 6 శాతమేనని 2015లో శాంతకుమార్ కమిటీ తేల్చింది.

తెలంగాణలో వడ్లు కొనే ఐకేపీ కేంద్రం ఎలా నడుస్తుందో ఊళ్లో వాళ్లకు చెప్పక్కర్లేదు. పట్నం పాఠకుల కోసం చెబుతాను. కోత మిషన్ పొలంలో దిగిన గంటల్లోనే వడ్లు ట్రాక్టరెక్కి కేంద్రం దగ్గర కుప్పగా పడతాయి. ఎండబెట్టాలి, రాత్రి పట్టా కప్పాలి, వాన మబ్బు కనిపిస్తే ఇంటిల్లిపాదీ పరుగెత్తాలి. తేమ మీటర్ 17 శాతం లోపు చూపిస్తేనే కాంటా. తాలు ఎక్కువుంటే మళ్లీ తూర్పార పట్టమంటారు. గన్నీ సంచులు వచ్చేదాకా ఒక ఎదురుచూపు, హమాలీలు వచ్చేదాకా ఇంకొకటి, లారీ వచ్చేదాకా మరొకటి. 40 కిలోల సంచికి కిలో, కిలోన్నర తరుగు తీస్తున్నారని ఏటా ఎక్కడో ఒకచోట రైతులు రోడ్డెక్కుతారు. ఇన్ని తిప్పలున్నా చివరికి డబ్బు బ్యాంకు ఖాతాలో పడుతుంది, రేటు ముందే తెలుసు, ఆ సరుకు వద్దనేవాడు లేడు.

జొన్న రైతుకు ఇదేమీ లేదు. పిట్టల నుంచి కాపాడుకోవాలి, కోతకు కూలీలను వెతుక్కోవాలి, ఆ తర్వాత మార్కెట్ యార్డుకు తీసుకెళ్తే వ్యాపారి చెప్పిందే ధర. ఆదిలాబాద్ వైపు సహకార సంస్థ మార్క్‌ఫెడ్ జొన్న కొన్న సంవత్సరాలున్నాయి. అయితే కాంటా పెడతారా, ఎప్పుడు పెడతారు, ఎకరాకు ఎన్ని క్వింటాళ్లు తీసుకుంటారు అన్నది విత్తనం వేసేనాటికి రైతుకు తెలియదు.

ఎకరం లెక్క వేద్దాం. నీళ్లున్న ఎకరంలో వరి 24 క్వింటాళ్లు అనుకుంటే 2,369 చొప్పున 56,856 రూపాయలు. వర్షాధారంగా వేసిన జొన్న 8 క్వింటాళ్లు అనుకుంటే, పూర్తి మద్దతు ధర దక్కినా 29,592. వరికి పెట్టుబడి ఎక్కువే, కాదనను. కానీ కాంటా లేని చోట అదే జొన్న 2,500కు అమ్ముకోవాల్సి వస్తే చేతికొచ్చేది 20,000. పట్టికలో ఉన్న 3,699 అప్పుడు కాగితం మీద అంకె మాత్రమే.

వరి వైపు తక్కెడ మొగ్గడానికి ఇంకో రెండు బాట్లున్నాయి. ఒకటి కరెంటు. ఉమ్మడి రాష్ట్రంలో 2004 నుంచి సాగుకు ఉచితం, తెలంగాణలో 2018 నుంచి 24 గంటలూ ఉచితం. రెండోది యూరియా. 45 కిలోల బస్తా రైతుకు 266 రూపాయల 50 పైసలకు వస్తోంది, మిగిలిన ఖర్చంతా కేంద్రం భరిస్తోంది. 2025-26 బడ్జెట్లో ఎరువుల రాయితీకి పెట్టింది దాదాపు 1.68 లక్షల కోట్లు. కిలో బియ్యం పండడానికి 3,000 నుంచి 5,000 లీటర్ల నీళ్లు పడతాయని అంచనా. నీళ్లు, కరెంటు, యూరియా ఎక్కువగా తాగే పంటకే మూడూ చౌకగా దొరుకుతున్నాయి. జొన్నకు యూరియా పెద్దగా అక్కర్లేదు, కరెంటు అసలే అక్కర్లేదు. అందుకే ఆ రెండు రాయితీల్లో జొన్న రైతు వాటా నామమాత్రం. పొదుపుగా పండే పంటకు ఇది ఒకరకమైన జరిమానా.

రూపాయికి కిలో జొన్న: చట్టంలో ఉంది, షాపులో లేదు

వరి వైపు మొగ్గే ఈ ఏర్పాటు ఎవరో కుట్ర చేసి పెట్టింది కాదు. 1960ల మధ్యలో దేశం అమెరికా గోధుమల ఓడల కోసం ఎదురుచూస్తున్న రోజుల్లో, 1965 జనవరిలో భారత ఆహార సంస్థ తంజావూరులో పని మొదలుపెట్టింది. అదే నెలలో వ్యవసాయ ధరల కమిషన్ ఏర్పడింది. అప్పటి లక్ష్యం ఒక్కటే: గోదాములు నిండాలి. ఎక్కువ పండేవి, ఎక్కువ కాలం నిల్వ ఉండేవి గోధుమ, వరి. మన వైపు నుంచి ఆ పనిని వేగంగా చేసిన విత్తనాల్లో ఒకటి 1982లో మార్టేరు నుంచి వచ్చిన స్వర్ణ. మరుసటి ఏడాదే, 1983లో, ఎన్టీఆర్ ప్రభుత్వం కిలో రెండు రూపాయల బియ్యం ఇచ్చింది.

ఆ పథకం ఆకలి తీర్చింది. అందులో అనుమానం లేదు, దాన్ని చిన్నచూపు చూసేవారు అప్పటి గంజి రోజులు చూడనివారు. కానీ దానితో పాటు ఇంకొకటి కూడా జరిగింది. గటక, సంకటి, జొన్న రొట్టె తిన్న ఇళ్లకు రెండు పూటలా తెల్లన్నం వచ్చింది. పండగ అన్నం రోజువారీ అన్నమైంది. కొనుక్కునే జొన్నల కన్నా షాపులో వచ్చే బియ్యం చౌక అయ్యాక, జొన్న తినడం రుచి కోసమో అలవాటు కోసమో తప్ప డబ్బు లెక్కన తెలివైన పని కాకుండా పోయింది. తినేవారు తగ్గారు, అందుకని వేసేవారు తగ్గారు. వేసేవారు తగ్గాక బజారులో జొన్న బియ్యం కన్నా ప్రియమైంది.

2013 ఆహార భద్రత చట్టం దీన్ని సరిచేసే అవకాశం కాగితం మీద ఇచ్చింది. మనిషికి నెలకు 5 కిలోలు, గ్రామాల్లో 75 శాతం మందికి, పట్టణాల్లో 50 శాతం మందికి వర్తించేలా చట్టం చేశారు. ధరల వరుసలో ఏముందో చూడండి: బియ్యం కిలో 3 రూపాయలు, గోధుమ 2 రూపాయలు, ముతక ధాన్యాలు రూపాయి. జొన్న, సజ్జ, రాగులు ఆ మూడో వరుసలోకే వస్తాయి. 2023 జనవరి నుంచి మూడూ ఉచితమే. ఇన్నేళ్లలో రూపాయి జొన్న చూసిన తెలంగాణ పల్లె ఏదైనా ఉందా?

లేకపోవడానికి కారణం ఒక చిన్న నిబంధన. రాష్ట్రం కొన్న వరి బియ్యం కేంద్ర కోటాలోకి వెళ్తుంది. మనకు మిగిలితే తమిళనాడుకో కేరళకో రైలెక్కుతుంది. ముతక ధాన్యాల సంగతి అలా కాదు. రాష్ట్రం ముందుగా కేంద్రానికి కొనుగోలు ప్రణాళిక పంపాలి, ఒప్పుకున్నంతే కొనాలి, కొన్నది చాలావరకు తన రేషన్ షాపుల్లోనే గడువులోగా పంచేయాలి. ఆ గడువు ఒకప్పుడు మూడు నెలలు. తర్వాత జొన్నకూ రాగులకూ దాన్ని పెంచారు. వరి పండించిన రాష్ట్రానికి దేశమంతా గిరాకీ. జొన్న కొన్న రాష్ట్రం తన జొన్న చాలావరకు తానే తినాలి, అదీ గడియారం చూసుకుంటూ. ఏ పౌరసరఫరాల అధికారి మాత్రం ఈ తలనొప్పి కోరి తెచ్చుకుంటాడు?

2023ను అంతర్జాతీయ చిరుధాన్యాల సంవత్సరంగా ఐక్యరాజ్యసమితి ప్రకటించింది, అడిగింది మన దేశమే. వాటికి శ్రీఅన్న అని పేరు పెట్టారు, పార్లమెంటులో విందు చేశారు. పేరు బాగుంది. పేరు పెట్టినంత మాత్రాన ఊళ్లోకి కాంటా రాదు.

ఒక యాసంగి చెప్పిన సాక్ష్యం

కాంటాయే పంటను నడుపుతుందన్న మాటకు తెలంగాణ 2021-22లో మంచి రుజువు ఇచ్చింది. యాసంగి వడ్లు ఏప్రిల్, మే ఎండల్లో కోతకొస్తాయి. ఆ వేడికి గింజ లోపల పగుళ్లిస్తుంది, నేరుగా మరపడితే నూక ఎక్కువ. అందుకే మిల్లర్లు ఉడకబెట్టి ఆరబెట్టి ఉప్పుడు బియ్యం చేస్తారు. ఇక్కడ ఆ బియ్యం తినేవారు లేరు. తినే రాష్ట్రాలు తమ వడ్లు తామే పండించుకోవడం పెరిగే సరికి, ఇక తెలంగాణ నుంచి ఉప్పుడు బియ్యం తీసుకోబోమని కేంద్రం చెప్పింది. క్వింటా వడ్లకు 67 కిలోల పచ్చి బియ్యం ఇవ్వాలంది. అందులో నూక అప్పట్లో 25 శాతం వరకే ఒప్పుకునేది.

రాష్ట్ర ప్రభుత్వం యాసంగిలో వరి వేయొద్దంది. ‘వరి వేస్తే ఉరే’ అన్న మాట ఆ శీతాకాలమంతా ఊళ్లలో తిరిగింది. ముందటి యాసంగిలో 52 లక్షల ఎకరాలు దాటిన వరి ఆ ఏడాది 36 లక్షల దరిదాపులకు పడిపోయింది. 2022 ఏప్రిల్ 11న అప్పటి ముఖ్యమంత్రి కేసీఆర్ ఢిల్లీలో దీక్ష చేశారు, ఆ వెంటనే రాష్ట్రమే వడ్లు కొంటుందని ప్రకటించారు. కాంటా మళ్లీ వచ్చింది. మరుసటి యాసంగిలో వరి 56 లక్షల ఎకరాలకు ఎక్కింది.

ఒక మాటతో 16 లక్షల ఎకరాలు తగ్గాయి, ఇంకో మాటతో 20 లక్షలు పెరిగాయి. ఆ రెండేళ్లలో మద్దతు ధర మారింది వంద రూపాయలు: 1,940 నుంచి 2,040.

దొడ్డు, సన్నం

సర్కారు కొనుగోలుకు రుచితో పనిలేదు. సాధారణ రకానికీ ఏ గ్రేడుకూ మధ్య మద్దతు ధరలో తేడా 20 రూపాయలు. బాపట్ల నుంచి 1986లో వచ్చిన బీపీటీ 5204 సాంబ మసూరి తెలుగువారికి ఇష్టమైన అన్నం. కానీ పంటకాలం ఎక్కువ, తెగుళ్లు ఎక్కువ. 1010 లాంటి రకాలు నాలుగు నెలల్లో చేతికొస్తాయి, మందుల ఖర్చు తక్కువ. తెలంగాణలో 2024 దాకా కాంటా దగ్గర ఇంచుమించు ఒకే రేటు ఉండేది. రైతు ఏది వేసేవాడు? 1010 వేసి సర్కారుకు అమ్మి, ఇంటికి సోనా మసూరి బస్తా కొనుక్కొచ్చేవాడు.

అలా కొన్న దొడ్డు బియ్యమే రేషన్ షాపుకు వచ్చేది. కిలో బియ్యం సేకరించి, మరపట్టించి, నిల్వచేసి, చేరవేయడానికి ఆహార సంస్థకయ్యే ఖర్చు దాదాపు 40 రూపాయలు. నలుగురున్న ఇంటికి కేంద్రం వాటా నెలకు 20 కిలోలు, అంటే 800 రూపాయల ప్రజాధనం. ఆ ఇల్లు దాన్ని వండుకోకుండా వీధిలోకి వచ్చిన వ్యాపారికి కిలో పన్నెండు రూపాయల చొప్పున అమ్మితే వచ్చేది 240. మిగిలిన 560 గాల్లో కలిసినట్టే. ఆ బియ్యం పాలిష్ పట్టించుకుని మళ్లీ బజారుకో ఓడరేవుకో చేరుతుంది. 2024 నవంబర్ చివర్లో కాకినాడ తీరంలో ఓడ దగ్గరికే ఆంధ్రప్రదేశ్ ఉపముఖ్యమంత్రి పవన్ కల్యాణ్ వెళ్లి ‘సీజ్ ది షిప్’ అన్న మాట అందరికీ గుర్తుండే ఉంటుంది. ఓడ అంత దూరం కనబడింది కాబట్టి వార్త అయింది. ఆ బియ్యం మొదటి అడుగు పడేది మాత్రం మన వంటింటి గడప దగ్గర, ఇష్టంలేని బియ్యం ఇచ్చినందువల్ల.

తెలంగాణ 2024 వానాకాలం నుంచి సన్న వడ్లకు క్వింటాకు 500 రూపాయల బోనస్ ఇచ్చింది. ఆ ఒక్క సీజన్‌లోనే సన్నాల విస్తీర్ణం దొడ్డు రకాలను దాటిపోయింది. 2025 ఉగాది నుంచి రేషన్ షాపుల్లో మనిషికి 6 కిలోల సన్నబియ్యం మొదలుపెట్టారు. ఇంటి రుచినీ పొలంలో రకాన్నీ కలిపిన నిర్ణయమిది, దీనికి మార్కులు వేయాల్సిందే. ఐతే అదే 500 రూపాయలు జొన్నకు, కందికి ఇచ్చి ఉంటే? ఆ వానాకాలం తెలంగాణలో వరి 66 లక్షల ఎకరాలు దాటింది. బోనస్ ఆ అంకెను తగ్గించడానికి కాదు, దాని లోపల రకాలు మార్చడానికి మాత్రమే పనికొచ్చింది.

ఓడ మీద వచ్చే పప్పు, నూనె

వరిని కాంటా నడిపితే, పప్పునూ నూనెనూ సుంకం నడుపుతుంది. ఢిల్లీలో ఒక నోటిఫికేషన్ వస్తుంది, తాండూరు యార్డులో ధర కదులుతుంది.

కందుల దిగుమతి మీద ఆంక్షలు 2021 మేలో తీసేశారు, తర్వాత సుంకమూ తీసేశారు. గడువు పొడిగిస్తూ పొడిగిస్తూ 2026 మార్చి దాకా తెచ్చారు. మొజాంబిక్‌తో 2016లో ఒప్పందం కుదిరింది. మయన్మార్, మలావీలతోనూ కుదిరాయి. 2024-25లో దేశానికి దాదాపు 12 లక్షల టన్నుల కందులు వచ్చాయి. అన్ని పప్పుధాన్యాలూ కలిపి 70 లక్షల టన్నులు దాటాయి.

జూన్‌లో విత్తితే కంది చేతికొచ్చేది డిసెంబర్, జనవరిలో. సుంకం లేని దిగుమతికి ఇంకో ఏడాది గడువిస్తూ ఉత్తర్వు వచ్చింది 2025 జనవరిలో, సరిగ్గా కొత్త కంది యార్డుకు వస్తున్న రోజుల్లో. ఏడాది ముందు క్వింటా పది వేలు పలికిన కంది, ఆ సీజన్‌లో 7,550 మద్దతు ధర కిందికి జారింది. తాండూరు కందికి 2022లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. గుర్తింపు పత్రానికి మొజాంబిక్ ఓడను ఆపే శక్తి లేదు కదా.

పట్నంలో బిల్లు కట్టేవారి వైపు నుంచి కూడా చూడాలి. 2024 వేసవిలో కిలో 160 దాటిన కందిపప్పు 2025లో 120 దరిదాపులకు దిగింది. సాంబారు చౌకైంది. పప్పు ప్రియమైనప్పుడు పేదింట్లో పప్పుచారు పలుచనవుతుంది, అదీ నిజమే. నా అభ్యంతరం దిగుమతి మీద కాదు, వేళ మీద. ఆరు నెలల పంట వేసే మనిషికి ఆరు నెలల ముందు సుంకం ఎంతో చెప్పకపోతే అతను జూదం ఆడుతున్నట్టే. నాలుగేళ్లపాటు కంది, మినుము, మసూర్ ఎంత పండితే అంత కొంటామని కేంద్రం 2025లో ప్రకటించింది. రాబోయే జూన్‌లలో రైతులు దాన్ని ఎంత నమ్మారో విత్తనాలే చెబుతాయి.

నూనె సంగతి ఇంకా ముదిరిన వ్యవహారం. దేశం వాడే వంటనూనెలో సగానికి పైగా దిగుమతే, ఏటా 160 లక్షల టన్నుల దరిదాపు. అందులో పెద్ద వాటా పామాయిల్‌ది. 2024 సెప్టెంబర్ 14న ముడి నూనెల మీద మొత్తం సుంకాన్ని 5.5 నుంచి 27.5 శాతానికి పెంచారు. 2025 మే 30న 16.5కు దించారు. టన్ను 90,000 రూపాయల సరుకు అనుకుంటే మొదటి మార్పుకు కిలోకు దాదాపు 20 రూపాయలు పెరిగింది, రెండో మార్పుకు పది తగ్గింది. ఎనిమిదిన్నర నెలల తేడాలో రెండు విధానాలు. మే 30 అంటే అనంతపురం, కర్నూలు రైతులు వేరుశనగ విత్తనకాయ కొనే వేళ. వేరుశనగ మద్దతు ధర 7,263 అని పట్టికలో ఉంది. చౌక పామాయిల్‌తో పోటీపడి గానుగ వేరుశనగ నూనె ఎంతమంది కొంటారన్నది పట్టికలో లేదు.

ఒక తలుపు దిగుమతికి తెరిచి, ఇంకో తలుపు దగ్గర 2021లో 11,040 కోట్లతో ఆయిల్‌పామ్ మిషన్ పెట్టారు. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ, కేరళ కలిపి దేశంలో పామాయిల్ ఉత్పత్తిలో 98 శాతం ఇస్తున్నాయి. పెదవేగి పరిశోధన సంస్థ, అశ్వారావుపేట ఫ్యాక్టరీ చుట్టూ ఉన్న తోటలే ఇందుకు ఆధారం. గెలల ధర అంతర్జాతీయ నూనె ధరను బట్టి నడుస్తుంది, ఆ ధర సుంకాన్ని బట్టి నడుస్తుంది. నాలుగేళ్లు ఆగి కాపుకొచ్చే చెట్టు పెట్టమని చెప్పి, ఎనిమిది నెలలకో సుంకం మారుస్తున్నారు.

ఇదే చెయ్యి ఒక్కోసారి సముద్రం అవతలి వంటిళ్లనూ తాకుతుంది. 2023 జూలై 20న బాస్మతి కాని తెల్లబియ్యం ఎగుమతి నిషేధించారు. ప్రపంచ బియ్యం వ్యాపారంలో భారత్ వాటా 40 శాతం. ఆ వారాంతం అమెరికాలో ఇండియన్ స్టోర్ల ముందు తెలుగువాళ్లు సోనా మసూరి బస్తాల కోసం బారులు తీరారు, ఇంటికి ఒక్కటే అని కొన్ని షాపులు బోర్డులు పెట్టాయి. 2024 సెప్టెంబర్ 28న నిషేధం ఎత్తేశారు. డాలస్‌లో బస్తా ధర పెరిగినప్పుడు ఆ లాభం మిర్యాలగూడ రైతుకు రాలేదు. ఎగుమతి ఆగినప్పుడు ఇక్కడ గిరాకీ తగ్గుతుంది, అక్కడ కొరతతో ధర పెరుగుతుంది.

ఇనుము తీసి, ఇనుము కలిపి

ఇక పళ్లెం దగ్గరికి వద్దాం. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2017 పట్టికల ప్రకారం వంద గ్రాముల పాలిష్ బియ్యంలో ఇనుము 0.65 మిల్లీగ్రాములు, జొన్నలో 3.95. పీచు బియ్యంలో 2.8 గ్రాములు, జొన్నలో 10.2. రాగుల్లో కాల్షియం 364 మిల్లీగ్రాములు, బియ్యంలో 8కి లోపు. అయిదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో రక్తహీనత ఉన్న స్త్రీలు ఆంధ్రప్రదేశ్‌లో 58.8 శాతం, తెలంగాణలో 57.6 శాతం. తెలంగాణలో అయిదేళ్లలోపు పిల్లల్లో 70 శాతం.

దీనికి ఢిల్లీ కనిపెట్టిన మందు బలవర్ధక బియ్యం. 2021 ఆగస్టు 15న ప్రధాని ప్రకటించారు, 2024 మార్చి నాటికి రేషన్ బియ్యమంతా అలాగే ఇచ్చారు. పిండిలో ఇనుము, ఫోలిక్ ఆమ్లం, బీ12 కలిపి గింజ ఆకారంలో ఒత్తి, వంద గింజలకు ఒకటి చొప్పున కలిపారు. 2028 దాకా ఖర్చు 17,082 కోట్లుగా 2024 అక్టోబర్‌లో లెక్క కట్టారు. ఆ గింజ రంగు కాస్త వేరు, బరువు కాస్త వేరు. చేటలో పోసి చెరిగేటప్పుడు కళ్లబడుతుంది, నీళ్లలో పోస్తే కొన్ని తేలతాయి. ప్లాస్టిక్ బియ్యం కలిపారంటూ ఊళ్లలో పుకారు లేచింది. మంచి గృహిణి ఏం చేస్తుంది? అనుమానం వచ్చిన గింజల్ని ఏరి పారేస్తుంది. పారేసింది ఆ పథకం మొత్తాన్నీ.

ఇక అసలు లెక్క. నిబంధన ప్రకారం కిలో బలవర్ధక బియ్యంలో ఇనుము 28 నుంచి 42.5 మిల్లీగ్రాములు కలపాలి. వంద గ్రాములకు 2.8 నుంచి 4.25. అసలున్న 0.65 కలిపితే 3.5 నుంచి 4.9. జొన్నలో ఏ కలపడమూ లేకుండా ఉన్నది 3.95. జొన్నలోని ఇనుమంతా ఒంటికి పట్టదు, దానిలోని ఫైటేట్లు కొంత అడ్డుపడతాయి, కాబట్టి జొన్నరొట్టెను మందుబిళ్లగా చూపించను. అయినా ఒక గింజను తెల్లగా తోమి, అందులోంచి పోయినదాన్ని ఫ్యాక్టరీలో తయారుచేసి కలపడానికి వేల కోట్లు ఉన్న దేశంలో, పొట్టుతో సహా తినే గింజను కొనడానికి సంచులు లేవంటే నమ్మడం కష్టం.

ఉచిత బియ్యం వల్ల మిగిలిన డబ్బు పప్పుకో కూరగాయలకో పోయిందా? కొంత పోయింది. 2022-23 గృహ వ్యయ సర్వేలో గ్రామీణ కుటుంబం ఖర్చులో తిండిగింజల వాటా 5 శాతం లోపుకు పడిపోయింది. 2011-12లో అది 10 శాతం పైన. అదే సర్వేలో పానీయాలు, ప్యాకెట్ తిండి వాటా 9.6 శాతం. పల్లె ఇల్లు ఇప్పుడు గింజల మీద పెట్టే డబ్బుకు దాదాపు రెట్టింపు టీ, బిస్కెట్, చిప్స్, కూల్‌డ్రింక్‌ల మీద పెడుతోంది. ఆ ప్యాకెట్లలో నూనె ఏదంటారా, పైన చెప్పిన ఓడ మీద వచ్చినదే ఎక్కువ.

వేరే దారి లేదా అంటే, పక్క రాష్ట్రాల్లోనూ మన దగ్గరా ఉంది. కర్ణాటక దక్షిణ జిల్లాల్లో రాగులు, ఉత్తర జిల్లాల్లో జొన్నలు మద్దతు ధరకు కొని రేషన్‌లో ఇస్తోంది. ఒడిశా 2017లో చిరుధాన్యాల మిషన్ పెట్టి గిరిజన జిల్లాల్లో చోళ్లు, అంటే రాగులు, కొని షాపులకూ అంగన్‌వాడీలకూ పంపింది. జహీరాబాద్ దగ్గర దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘాల మహిళలు 1990ల్లోనే పడావు భూములు సాగుచేసి, ఊరి జొన్నలు ఊళ్లోనే నిల్వచేసి, పేదింటి అవసరాన్ని బట్టి పంచుకునే సొంత రేషన్ నడిపారు. ఆంధ్రప్రదేశ్ 2023లో రాయలసీమలో రేషన్ బియ్యంలో కొంత బదులు రాగులు ఇవ్వడం మొదలుపెట్టింది. వీటిలో మొదటి మూడింటిలో కొనుగోలు, పంపిణీ ఒకే చోట కలిశాయి. ఆ రెండూ కలవని చోట ఎన్ని ఫుడ్ ఫెస్టివల్స్ పెట్టినా పొలంలో ఏమీ మారలేదు.

2025-26 బడ్జెట్లో ఆహార రాయితీకి పెట్టింది 2.03 లక్షల కోట్లు. కొత్తగా అడగాల్సింది డబ్బు కాదు, అందులో ఒక చిన్న భాగం ఏ గింజ మీద ఖర్చవ్వాలన్న నిర్ణయంలో రాష్ట్రానికి, జిల్లాకు ఇంత చోటు. జొన్నను కూడా వరిలాగే కేంద్ర కోటాలోకి తీసుకోవాలి. లేదా కనీసం పంపిణీ గడువు ఏడాదికి పెంచి, కొనుగోలు కేంద్రాల జాబితా జూన్ మొదటి వారంలో ప్రకటించాలి. సుంకం మార్పులు పంటకాలం మధ్యలో ఉండకూడదు. మూడూ ఒక్కో ఉత్తర్వుతో అయ్యే పనులు.

మీ మండల కార్యాలయం గోడ మీద చిరుధాన్యాలు తినండి అని పోస్టర్ కనిపిస్తే ఆగి లోపలికి వెళ్లి ఒక్క మాట అడగండి: ఈ ఏడాది జొన్న కాంటా ఏ ఊళ్లో, ఏ తేదీన?